అనిపించిన ఒత్తిడికి అధికారిక కొలత

ఒత్తిడి అనేది పై అధికారి పెట్టేది కాదనీ, కింది ఉద్యోగికి అనిపించేది మాత్రమేననీ ప్రధాన కార్యాలయం ఎట్టకేలకు తేల్చింది. తేల్చి ఊరుకుంటే అది కార్యాలయం ఎలా అవుతుంది? అనిపించినదాన్ని కొలవడానికి ఒక అధికారినీ, వేలికి తగిలించే ఒక యంత్రాన్నీ పంపించింది. (పెట్టేవాళ్లను కొలిచే యంత్రం కూడా ఉందట. దాని కొనుగోలుకు అనుమతి ఇవ్వాల్సింది వాళ్లే కాబట్టి ఫైలు నడుస్తోంది.)

ఈ కబురు విని అందరికన్నా సంబరపడింది టైపిస్టు. ఆమె సెక్షన్ హెడ్డును చాటున అందరూ ఉరుము సారు అంటారు. టైపు చేసిన ఉత్తరాన్ని ఆమె ముఖాన కొట్టడం, "నీకు ఉద్యోగమిచ్చిన మహానుభావుడెవరో!" అని పదిమందినీ నవ్వించడం, ఆమె ఇంటికి బయలుదేరి చెప్పుల్లో కాళ్లు పెట్టాక పని అప్పగించడం ఆయన దినచర్య. పొద్దున్నే ఆఫీసు మెట్ల దాకా వచ్చి, రోజూ ఆమె ఒకసారి వెనక్కి తిరుగుతుంది. యంత్రం ముల్లు ఎర్రగీత దాటితే వేరే సెక్షన్‌కు బదిలీ చేయవచ్చునని నిబంధన. పాపం, ఆ బదిలీ మీదే ప్రాణాలన్నీ పెట్టుకుంది.

"నీ ముల్లు ఎర్రగీత దాటి గోడెక్కుతుంది చూడు," అని పక్క సీటు అక్కయ్య ధైర్యం చెప్పింది.

వేధిస్తున్నట్లు చెప్పబడుతున్న అధికారి సమక్షంలోనే కొలత జరగాలి. (చాటున కొలిస్తే ఆయన మనసు నొచ్చుకుంటుంది.) టైపిస్టు వేలికి యంత్రం తగిలించి, "రోజూ ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడండి సార్," అన్నాడు కొలతల అధికారి.

ఉరుము సారు గొంతులో ఎక్కడలేని తేనె ఊరింది. "ఏమ్మా, ఏమైనా తిన్నావా? మొహం అలా వాడిపోయిందేం? పనిదేముంది, రేపు చేసుకోవచ్చు. ముందు ఆరోగ్యం చూసుకో తల్లీ."

టైపిస్టుకు ముచ్చెమటలు పోశాయి. ఆ నోట 'తల్లీ' అన్న మాట ఆమె ఏనాడూ విని ఎరగదు. ఏం మూడిందో, ఏకంగా ఉద్యోగమే పీకేస్తాడో అని గుండె దడదడలాడింది. ముల్లు ఎర్రగీత దాటి వణికింది.

"ఒత్తిడి ఉందమ్మా, బాగా ఉంది," అన్నాడు కొలతల అధికారి మెచ్చుకోలుగా. "పోల్చి చూడాలి కదా. సార్, ఒక్కసారి తిట్టండి."

"అయ్యో, నాకు తిట్టడమెక్కడ వచ్చండీ?" అని సిగ్గుపడి, బతిమాలించుకుని, ఉరుము సారు టేబుల్ మీద చరిచాడు. "ఏమే మొద్దూ, దద్దమ్మా! దండగ జీతం!"

అమ్మయ్య, మనిషి మామూలుగానే ఉన్నాడు అనుకుంది టైపిస్టు. ముల్లు బుద్ధిగా కిందికి దిగింది. అప్పుడు గానీ ఆమెకు కొంప మునిగిన సంగతి తెలియలేదు.

"సార్, అది అలవాటైపోయి సార్! బాధ లేక కాదు!"

"అనిపించిందే రాస్తామమ్మా," అన్నాడాయన అనునయంగా. "అనుభవించింది రాయడానికి ఫారంలో గడి లేదు."

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. సదరు ఉద్యోగినికి మర్యాద పడదని శాస్త్రీయంగా రుజువైనందున, సెక్షన్ హెడ్డు ఆమెతో ఎట్టి పరిస్థితుల్లోనూ మర్యాదగా మాట్లాడరాదు. బదిలీ తిరస్కరించడమైనది. (అవతలి సెక్షన్ హెడ్డు మంచివాడని ఫిర్యాదులున్నాయి.)

ఆ కార్యాలయ చరిత్రలో జారీ అయిన రోజే అమలైన ఉత్తర్వు అదొక్కటే.