తెలిసినావిడ విడాకులు

ఆ రోజు ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. కళ్ళద్దాల షాపులో మధ్యాహ్నం భోజనానికిచ్చే విరామంలో లాయరమ్మ దగ్గరికి వెళ్ళాలి. నాలుగు ముక్కలు అడిగి తెలుసుకోవాలి. మళ్ళీ వచ్చి స్టూలు మీద కూర్చుని, వచ్చినవాళ్ళ కళ్ళకి అద్దాలు మార్చి మార్చి పెడుతూ "ఇప్పుడు కింది వరస చదవండి" అనడం మొదలుపెట్టాలి. ఇంట్లో ఎవరికీ తెలియనక్కర్లేదు.

అడగమన్నది ఆమె తల్లి. వంటింట్లో కుళాయి పూర్తిగా విప్పి, ఆ నీళ్ళ చప్పుడు చాటున ఫోన్లో అడిగింది. "నా వయసు ఆడది విడాకులు అడిగితే చట్టం ఏమంటుందే? ఎవరినైనా కనుక్కో. నా పేరు మాత్రం చెప్పకు." ఆ తర్వాత కుళాయి కట్టేసిన చప్పుడు, ఫోను పెట్టేసిన చప్పుడు.

ఎందుకని కూతురు అడగలేదు. తండ్రి సాయంత్రం షికారుకి వెళ్ళేటప్పుడు వీధి తలుపుకి బయట తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని వెళతాడు. ఆమె చిన్నప్పటినుంచీ అంతే. దొంగల భయం అంటాడు. దొంగలు లోపలినుంచి బయటికి పోతారని ఆయనకి ఎవరు చెప్పారో తెలియదు.

లాయరమ్మ ఆఫీసు మేడ మీద ఉంది. ఆమె కుర్చీ అంచున కూర్చుని, నాకు తెలిసినావిడ ఒకరున్నారండీ అని మొదలుపెట్టింది. లాయరమ్మ కలం మూత తీస్తూ తలూపింది. ఆ కుర్చీలో కూర్చున్న ప్రతి ఆడమనిషికీ తెలిసినావిడ ఒకరుంటారు.

లాయరమ్మ ఓపికగా, అరటిపండు ఒలిచినట్టు చెప్పింది. ఇద్దరూ ఒప్పుకుంటే దారి తేలిక. ఒకరే అడిగితే కారణం చూపించాలి. చెయ్యి చేసుకుంటేనే హింస కాదు, మనిషిని మనిషిగా చూడకపోవడం కూడా కోర్టు వింటుంది. ఇల్లు ఆయన పేరున ఉన్నా, అందులో కాపురముంటున్న భార్యని పొమ్మనడానికి వీల్లేదు. కేసు నడుస్తున్నంత కాలమూ, తర్వాతా బతకడానికి భరణం అడగవచ్చు. పుట్టింటివాళ్ళు పెట్టినవీ తను సంపాదించుకున్నవీ తనవే. లాయర్ని పెట్టుకునే స్తోమత లేకపోతే ఉచితంగా ఇచ్చే ఏర్పాటుంది. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదు.

వయసు మీరినా ఇవన్నీ వర్తిస్తాయా అని ఆమె అడిగింది. లాయరమ్మ ఆమె చెవి దగ్గర నెరిసిన వెంట్రుకల వైపు జాలిగా చూసి, మీ తెలిసినావిడకి అంత వయసేమీ మీరలేదులెండి అంది. తాళం సంగతి చెప్పేసరికి మాత్రం కలం పక్కన పెట్టింది.

"మరి ఇవాళ బయటికి ఎలా రాగలిగారు?"

"నాక్కాదండీ. తెలిసినావిడకి."

"అదేలెండి," అంది లాయరమ్మ, ఇంకా మెత్తగా.

అంతవరకూ పథకం ప్రకారమే జరిగింది. ఆమె మెట్లు దిగి వీధిలోకి వచ్చిన సమయానికే అదే వీధిలోంచి డ్రైవింగ్ స్కూలు కారు ఒకటి వస్తోంది. స్టీరింగు ముందు ఒక పంతులమ్మ ఉంది. పక్క సీట్లో, నేర్పేవాడి చోట, మెట్లు దిగొచ్చిన ఈమె భర్త ఉన్నాడు.

భర్తని అందరూ మాస్టారు అంటారు. ఎంతోమందికి కారు నడపడం నేర్పాడు. నేర్పేవాడి కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. మాస్టారికి ఇంట్లోనూ అలాంటిదొకటి ఉంది. కళ్ళ పరీక్షలో పెద్ద చదువు చదువుతానని ఆమె అన్నప్పుడు ఒకసారి వేశాడు. సొంతంగా చిన్న షాపు పెడతానన్నప్పుడు వేశాడు. పిల్లలు కలగరని తేలాక, ఒక పాపని తెచ్చి పెంచుకుందామని ఆమె అన్నప్పుడూ వేశాడు. ఎప్పుడూ కోపంగా కాదు. మంచి మాస్టారు బ్రేకు వేస్తే కుదుపు తెలియదు.

ఆ మధ్యాహ్నం మాత్రం కుదుపు వీధంతటికీ తెలిసింది. విడాకులు, భరణం, ఆస్తి తగాదాలు అని రాసి ఉన్న బోర్డు కిందినుంచి తన భార్య బయటికి రావడం చూసి ఆయన రెండు కాళ్ళతోనూ బ్రేకు తొక్కాడు. వెనక వస్తున్న గుడ్ల వ్యాను కారుని గుద్దుకుంది. పచ్చసొన రోడ్డు మీద కాలువ కట్టింది. నేనేం తొక్కలేదండీ అని పంతులమ్మ వచ్చేపోయేవాళ్ళందరికీ విడివిడిగా చెప్పుకుంది. లోకుల చూపు పరీక్షించే ఆ ఇల్లాలు, ఆలస్యమైందన్న కంగారులో అటు తిరిగి కూడా చూడకుండా అవతలి పక్కనుంచి వెళ్ళిపోయింది.

ఇంకొకరైతే ఇంటికొచ్చి ఎందుకెళ్ళావని అడిగేవారు. మాస్టారు అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది, వచ్చిన జవాబుతో ఏం చెయ్యాలో ఆయనకి తెలియదు. అందుకని తన తల్లి దగ్గరికి వెళ్ళి చెవిలో చెప్పాడు. అత్తగారి గుండె జారిపోయింది. ఆవిడ కంట్లో పొద్దునా సాయంత్రం చుక్కల మందు వేసేది కోడలే. కొడుకు చెయ్యి వణుకుతుంది, మందు ముక్కులో పడుతుంది. కోడలు పోతే తన కళ్ళు కూడా పోయినట్టే. మంచిగా ఉండరా, కాళ్ళు పట్టుకున్నా తప్పు లేదు అని కొడుక్కి ఉపదేశించింది.

ఆ సాయంత్రమే మాస్టారు కూరగాయలు తెచ్చాడు. మర్నాడు తను విప్పిన తువ్వాలు తనే ఆరేశాడు. ఆ మర్నాడు భోజనాల దగ్గర, ఇవాళ షాపులో ఏం జరిగిందని అడిగాడు.

ఆమెకి మొదట ప్రశ్న అర్థం కాలేదు. తర్వాత మెల్లిగా చెప్పింది. ఒక ముసలాయన వచ్చాడు. కొత్త అద్దాలు పెట్టగానే ఎదురుగా ఉన్న అద్దంలో తన మొహం చూసుకుని, మా అన్నయ్యలా ఉన్నానే అని ఏడ్చాడు. ఆ అన్నయ్య పోయి చాలా కాలమైందట. మాస్టారు చెయ్యి కంచంలోనే ఉంచి చివరిదాకా విన్నాడు. మధ్యలో నీళ్ళు అడగలేదు. తర్వాత ఆమె స్నానాల గదిలోకి వెళ్ళి చాలాసేపు మొహం కడుక్కుంది.

బయటికి వచ్చేసరికి ఆమెకి భయం పట్టుకుంది. ఏళ్ళ తరబడి లేని ఈ ప్రేమ ఊరికే రాదు. డాక్టరు ఏదో చెప్పి ఉండాలి. పైకి చెప్పలేక, ఉన్న నాలుగు రోజులూ మంచిగా ఉందామనుకుంటున్నాడు. మర్నాడు షాపుకి పోతూ పోతూ డ్రైవింగ్ స్కూలు దగ్గర దిగి, ఆయన భాగస్వామిని పక్కకి పిలిచి, ఆయన నా దగ్గర ఏదైనా దాస్తున్నారా, తెలిస్తే చెప్పండి అని బతిమాలింది. భాగస్వామి తనకేమీ తెలియదన్నాడు. ఆమె వీధి మలుపు తిరిగేలోగా సంగతి మాస్టారికి చేరవేశాడు.

దాస్తున్నారా అంటే మాస్టారికి ఒకటే అర్థం తట్టింది. ఆస్తుల లెక్క తీస్తోంది. పుట్టి మునిగిందనుకుని తనూ ఒక లాయర్ని వెతుక్కున్నాడు. ఆ లాయరు, గొంతు పెంచకండి, ఇల్లు వదలకండి, చేసే ప్రతి మంచి పనీ నలుగురి కళ్ళ ముందూ చెయ్యండి, రేపు వాళ్ళే సాక్షులు అన్నాడు.

అప్పటినుంచి ఆ ఇంటి ఉతికిన బట్టలు వీధి వైపు వసారాలోకి వచ్చాయి. మాస్టారు ఒక్కొక్క చీర దులిపి ఆరేస్తూ, పోయేవాళ్ళని పేరుపేరునా పలకరించేవాడు. వీధికి ఒకటే తోచింది. మొగుడు బట్టలారేస్తున్నాడంటే పెళ్ళాం మంచాన పడి ఉండాలి. పళ్ళు పట్టుకుని పరామర్శకి బయల్దేరారు. తలుపు తీసింది ఆమే. నిక్షేపంగా ఉన్న మనిషిని చూసి, పాపం పైకి కనిపించనివ్వడం లేదని ఇంకా జాలిపడ్డారు. ధైర్యంగా ఉండమ్మా అన్నారు. తన భర్త రోగం వీధంతటికీ తెలిసింది, తనకి తప్ప అనుకుని ఆమె వాళ్ళ చేతులు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఇంక మింగలేక కక్కలేక ఉన్న అత్తగారు వియ్యపురాలికి ఫోను చేసింది. మీ అమ్మాయి విడాకులకి లాయరు దగ్గరికి వెళ్ళిందట వదినగారూ, మీరొక్క మాట చెప్పండి అంది. తల్లి ఫోను పెట్టేసింది. మొగుడు షికారుకి చెప్పులు వేసుకునేలోపే తను వేసుకుని, చేతిసంచితో బస్సెక్కింది.

తల్లి వచ్చేసరికి ముందుగదిలో అందరూ ఉన్నారు. తల్లిని చూడగానే, పెద్దలొచ్చేశారు, ఇంక దాచి లాభం లేదని మాస్టారికి అర్థమైంది. భార్య ఎదురుగా నిలబడ్డాడు. ఈసారి సాక్షుల కోసం కాదు.

"నువ్వు వెళ్ళొద్దు. నాలో ఏం తప్పుందో చెప్పు. దిద్దుకుంటాను."

ఆ మాట వినడానికి ఆమెకి ఇన్నేళ్ళు పట్టింది. విని, ఆయన చెయ్యి పట్టుకుంది.

"నేనెక్కడికి వెళ్తానండీ. ముందు డాక్టరు ఏమన్నాడో చెప్పండి."

ఏ డాక్టరని ఆయన, ఎక్కడికి వెళ్ళొద్దంటున్నారని ఆమె, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండిపోయారు. తల్లి తలుపు దగ్గరే సంచి కింద పెట్టింది.

"అది లాయర్ని అడిగింది నా కోసం బాబూ," అంది.

తర్వాత మాస్టారు నవ్వడం మొదలుపెట్టాడు. కుర్చీలో కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు చూసి అత్తగారూ నవ్వింది. ఈ వయసులో మీకిదేం సరదా అత్తయ్యగారూ, మామయ్యగారికి చెబితే పడీ పడీ నవ్వుతారు అన్నాడు. తల్లి మొహం పాలిపోయింది. చెప్పనులెండి అని ఆయన చెయ్యి ఊపి, కాళ్ళు బారజాపుకుని, భార్య వైపు తిరిగాడు.

"కాస్త కాఫీ పెట్టు. ఈ గోలతో తల పగిలిపోతోంది."

ఆమె వెళ్ళి కాఫీ పెట్టింది. అలవాటైన కాళ్ళు, అవే వెళ్ళాయి.

తల్లి కాఫీ ముట్టకుండానే లేచింది. తను ఇవ్వకపోతే తండ్రి మాత్రలు వేసుకోడని చెప్పింది. కూతురు బస్సు దాకా వెళ్ళింది. బస్సు రావడానికి ఇంకా సమయం ఉంది. అక్కడ బల్ల మీద కూర్చుని, లాయరమ్మ చెప్పినవన్నీ ఒక్కొక్కటే చెప్పింది. తల్లి సంచి ఒళ్ళో పెట్టుకుని, బడిలో పిల్లలా వింది. అర్థం కాని చోట ఆపి మళ్ళీ చెప్పించుకుంది.

"అయితే ఇల్లు ఖాళీ చెయ్యమనలేడా?"

"అనలేడమ్మా."

"అడిగితే నాకు విడిగా తిండికి ఇవ్వాలా?"

"ఇవ్వాలి."

అమ్మా, వెనక్కి వెళ్ళకు, నా దగ్గర ఉండిపో అంది కూతురు. ఆ మాట అంటూనే, ఉండమనడానికి తనకి ఇల్లంటూ ఉందా అని అనుమానం వచ్చింది.

"వెళ్ళిపోదామని కాదే అడిగింది," అంది తల్లి. "వెళ్ళొచ్చా లేదా అని. అది తెలియకుండా ఇన్నాళ్ళు ఉన్నాను. తెలిసి ఉండటం వేరుగా ఉంటుందేమో చూస్తాను."

బస్సు వచ్చింది. కిటికీ పక్కన సీటు దొరికినందుకు తల్లి మొహం కొంచెం వెలిగింది. బస్సు కదిలాక కూడా కూతురు అక్కడే నిలబడింది.

మర్నాడు మాస్టారి తువ్వాలు తడిగా పక్క మీదికి వచ్చింది. కూరగాయల సంచి మేకుకి చేరింది. భోజనాల దగ్గర ఆమె షాపు సంగతేదో మొదలుపెడితే, ఆయన మంచినీళ్ళు అన్నాడు. కోపమేమీ లేదు. భయం తీరిపోయింది, అంతే.

ఆమెని కుదిపింది అదే. కొందరు మగవాళ్ళకి ప్రేమగా ఉండటం చేతకాదనీ, అది వాళ్ళ తప్పు కాదనీ ఆమె ఇన్నాళ్ళూ సరిపెట్టుకుంది. చేతకానివాడి మీద కోపం పెట్టుకోలేం. ఆయనకి చేతనవును. బట్టలు ఆరెయ్యడం చేతనవును, కథ చివరిదాకా వినడం చేతనవును, తప్పేమిటో చెప్పమనడం కూడా చేతనవును. ఆమె వెళ్ళిపోతుందనుకున్నన్నాళ్ళు అన్నీ వచ్చాయి. ఉండిపోతుందని తేలగానే ఒక్కటీ రాలేదు.

ఒక సాయంత్రం అత్తగారి కంట్లో చుక్కలు వేస్తుంటే, ఆవిడ పడుకునే, నువ్వు మంచిదానివే, ఎక్కడికీ పోవు అంది. ఆమె చెయ్యి కదలకుండా రెండో కంట్లో కూడా వేసింది. సీసా మూత బిగించింది. చుక్కల మందు ముక్కులో పడకుండా ఎలా వెయ్యాలో భర్తకి ఓపికగా నేర్పింది. ఎందుకిప్పుడని ఆయన అడగలేదు. ఆ తర్వాత ఆమె షాపు దగ్గర ఒక గది చూసుకుంది.

విడాకుల నోటీసు డ్రైవింగ్ స్కూలుకే వచ్చింది. మాస్టారు మొదట ఇది కూడా భార్య తల్లిదే అనుకున్నాడు. పేరు రెండుసార్లు చదివాక, దాన్ని పట్టుకుని లాయరమ్మ మెట్లెక్కాడు. బాధ నటన కాదు, కళ్ళల్లో నీళ్ళున్నాయి. తను ఏనాడూ చెయ్యెత్తలేదనీ, తిట్టలేదనీ, మొన్న వారం రోజులైతే పువ్వుల్లో పెట్టి చూసుకున్నాననీ, కావాలంటే వీధి వీధంతా సాక్ష్యం చెబుతుందనీ అన్నాడు.

లాయరమ్మ అంతా విని, నోటీసులో కారణంగా రాసింది కూడా ఆ వారం సంగతేనని చెప్పింది.