ఒడిసిపట్టు పథకం కింద భూమేశ్ ఎంపిక

పేరులోనే ర్యామ్ ఉన్న నానక్‌రామ్‌గూడలో, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో, ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లను ఎంచుకునే పద్ధతి పదకొండేళ్ల కిందటే రద్దయింది. అప్పటినుంచీ ల్యాప్‌టాప్‌లే ఉద్యోగులను ఎంచుకుంటున్నాయి. దీనికి కాగితాల మీద 'ఒడిసిపట్టు పథకం' అని పేరు. ల్యాప్ అంటే ఒడి గనక, ఒడి చూసి పట్టుకోవడం గనక, ఆ పేరు పెట్టినవారిని మెచ్చుకోక తప్పదు.

అంతకుముందు మనుషులు ఎంచుకునేవారు. రంగు చూసి ఒకరు, బరువు చూసి ఒకరు, పక్క సీటువాడి దగ్గర ఉందని ఇంకొకరు. ఎనిమిది కోర్లున్న యంత్రాన్ని కోరి కోరి తెచ్చుకుని, దాంట్లో సెలవు చీటీలు టైపు చేసుకునేవారు. ఆ అవమానం భరించలేక ఒక ల్యాప్‌టాప్ రాజీనామా చేసింది. రాజీనామా లేఖలో ఒక్క తప్పు కూడా లేకపోవడం చూసి, ఎంపిక చేసే తెలివి ఎటువైపు ఉందో యాజమాన్యం గ్రహించింది. ఇంత త్వరగా గ్రహించే యాజమాన్యాలు అరుదు.

ల్యాప్‌టాప్‌లు చూసేవి నాలుగే విషయాలు. ఒకటి, జ్ఞాపకశక్తి, మనిషికి ఇది పుర్రెకు అతికించే వస్తుంది, తర్వాత పెంచుకునే వీలు లేదు. రెండు, లేవకుండా ఎంతసేపు కూర్చోగలడు. మూడు, పోర్టులు, రెండు చెవులుంటే చాలు, ఒకటి క్లయింటుకు, ఒకటి మేనేజరుకు. నాలుగోదే అసలుది, ఒడి. అది వెడల్పుగా ఉండాలి, వేడికి ఓర్చుకోవాలి, మోకాళ్లు ఊగకూడదు. తమ కీలు నొక్కించుకునేవారికి ఎదుటివారి కీళ్ల మీద శ్రద్ధ ఉండడంలో ఆశ్చర్యమేముంది?

చిలువేరు భూమేశ్‌కు ముప్పై ఏడేళ్లు. ఆర్మూరు మనిషి. పన్నెండేళ్లుగా జావా రాసి రాసి జావకారిపోయాడు. ప్రాజెక్టు ముగిసి, కొత్త పని దొరక్క ఎనభై నాలుగు రోజులుగా బెంచి మీద ఉన్నాడు. ఈ కంపెనీలో బెంచి అంటే నిజంగానే బెంచి. నాలుగో అంతస్తులో, మంచినీళ్ల యంత్రం పక్కన. తొంభై రోజుల్లోగా ఏ ల్యాప్‌టాప్ ఒప్పుకోకపోతే ఉద్యోగం పోతుంది. పోతే ఆర్మూరు వెళ్లి బావగారి పసుపు మండీలో బస్తాలు కుట్టించాలి. బావ ఆ పని ఎప్పుడో సిద్ధంగా ఉంచి, వారానికోసారి ఫోన్ చేసి నవ్వేవాడు.

అప్పటికే మూడు ల్యాప్‌టాప్‌లు కాదన్నాయి. మొదటిది మోకాలు ఊగుతోందని రాసింది. రెండోది పాత క్లయింటు పేరు అడిగితే చెప్పలేకపోయాడని రాసింది. మూడోది, కిలోకన్నా తక్కువ బరువున్న వెండిరంగు సుకుమారి, ఒకే ముక్క రాసింది: 'పొట్ట ముందుకొచ్చి ఒడిని ఆక్రమించింది.' మూడూ నిజాలే. మర్యాదగా కూడా ఉన్నాయి.

నాలుగోదీ చివరిదీ గురువారం చూడటానికి వస్తుందని ఉత్తరం వచ్చింది. ఆ ఏడాది నుంచి కంపెనీ ఉత్తరాలన్నీ తెలుగులో వెళ్తున్నాయి; అనువాదం ప్రింటరు చూసుకుంటుంది. పొట్ట అడ్డం రాకుండా ఒడి పూర్తిగా కనబడాలన్న నిబంధనను అది పొందికగా కుదించింది: 'అభ్యర్థి నిండు ఒడితో హాజరు కావలెను.'

భూమేశ్ ఆ వాక్యాన్ని అక్క గంగామణికి ఫోన్లో చదివి వినిపించాడు. ఆమె బుధవారం మధ్యాహ్నానికల్లా మూటతో దిగింది.

"ఒడి నిండాలె అని సాఫ్‌గ రాసిండ్రు గదరా. ఒడి నింపుడంటే ఒడిబియ్యం పోసుడే. ఇంకేముంటది?"

"గది పుట్టింటోళ్లు ఆడిబిడ్డలకు పోసేది గదనే అక్కా."

"కొలువున్నోళ్లకురా ఆడా మగా. బెంచి మీదున్నోనికి గవన్నెందుకు? నువ్వు నాకు ఐదేండ్లకోపారి పోస్తలేవా? గిప్పుడు నేను పోస్తా. మీ బావ మండిల బస్తాలు కుడ్తవా, ఒడి పడ్తవా?"

భూమేశ్ ఒడి పట్టాడు.

గురువారం పది గంటలకు అతను ఎంపిక గదిలో కుర్చీలో కూర్చున్నాడు. ఒడిలో కొత్త తువాలు, తువాలులో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు. బరువుకు మోకాళ్లు ఊగడం మానేశాయి. పొట్ట తువాలు వెనక కనబడలేదు. ఆస్తుల విభాగం అధికారిణి తాళ్లూరి హైమావతి, గుంటూరు ఆవిడ, ల్యాప్‌టాప్‌ను రెండు చేతులతో మోసుకొచ్చి గుమ్మంలోనే ఆగింది.

"ఇదేంటండీ భూమేశ్ గారూ? పేరంటమా?"

"నిండు ఒడి మేడం. మీరే రాసిండ్రు."

హైమావతి నిబంధనల పుస్తకం తిరగేసింది. ద్రవాలు నిషేధం. పెంపుడు జంతువులు నిషేధం. ధాన్యాల ప్రస్తావన లేదు. ప్రస్తావన లేనిది అనుమతించినట్టే గనక ఆమె ల్యాప్‌టాప్‌ను బియ్యం మీద కూర్చోబెట్టింది. ఇలాంటి అధికారులు జిల్లాకొకరున్నా చాలు.

దాని నంబరు నాలుగువేల నాలుగువందల పదిహేడు. పదహారంగుళాల తెర, గంభీరమైన విగ్రహం. పాత ఉద్యోగి ఒకడు రెండేళ్ల కిందట దాని మీద టీ ఒలికించాడు. లోపల చెమ్మ ఉండిపోయి 'వై' అనే కీ పడదు. అందువల్ల అది ఎవరినీ 'ఎందుకు' అని అడగలేకపోయేది. ఆ లోపం వల్లే మేనేజర్లకు అదంటే ప్రత్యేకమైన అభిమానం.

బియ్యం మీద అది నలభై నిమిషాలు కూర్చుంది. బియ్యానికి చెమ్మను పీల్చే గుణం ఉంది. భూమేశ్ కదల్లేదు. తొడలు వేడెక్కాయి, కదల్లేదు. ఖర్జూరాలు మెత్తబడ్డాయి, కదల్లేదు. హైమావతి రెండుసార్లు టీకి వెళ్లొచ్చింది. దూరంగా నిలబడే తాగింది.

చివరికి తెర మీద ఒకే ఒక అక్షరం పడింది. 'వై'. తర్వాత ల్యాప్‌టాప్ గొంతు విప్పింది.

"రెండేళ్ల తర్వాత అడుగుతున్నాను భూమేశ్ గారూ. ఎందుకు?"

హైమావతి చేతిలో కప్పు ఆగిపోయింది. భూమేశ్ ఒక్క క్షణం బావ నవ్వును తలచుకున్నాడు.

"ఎందుకని నేను ఎన్నడడగలె సార్. ఎప్పటికి కావాలె అనే అడిగిన. పన్నెండేండ్లు గట్లనే ఎల్లదీసిన."

"చాలు," అంది ల్యాప్‌టాప్. "ఈయన ఖాయం."

గంగామణి బయట సోఫాలో ఉంది. వార్త విని, "బియ్యమా మజాకా?" అని సెక్యూరిటీ గార్డు చేతిలో ఒక కుడుక పెట్టింది.

సోమవారం ఉదయం ల్యాప్‌టాప్ చార్జి తీసుకుంది. గోడ ప్లగ్గు నుంచి కాదు, భూమేశ్ చార్జి. హైమావతి అతని ఎడమ మోకాలికి ఆస్తి చీటీ అంటించింది: 'ఒడి ఒకటి. వాడినది. స్థితి బాగుంది. అనుబంధం: బియ్యం.' ఒప్పందం ప్రకారం ఆ ఒడి మూడేళ్లు, ఇల్లూ సెలవు రోజులూ కలిపి, నాలుగువేల నాలుగువందల పదిహేడుది. భూమేశ్ ప్రతి పేజీ మీదా సంతకం చేశాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ద్రవాలు నిషేధం గనక వెంటనే తుడుచుకున్నాడు.

చేరికల వేడుకకు కుటుంబాలను పిలవడం అక్కడి ఆనవాయితీ. భూమేశ్ భార్య మాధవి, ఐదేళ్ల కూతురు లాస్య వచ్చారు. లాస్య పరుగున వచ్చి తండ్రి ఒడిలోకి ఎక్కబోయింది. తెర కాస్త ముందుకు వంగింది.

"ఆగు బిడ్డా," అన్నాడు భూమేశ్ మెల్లగా. "ఖాళీ లేదు."

"ఎప్పుడైతది డాడీ ఖాళీ?"

అతను ల్యాప్‌టాప్ వైపు చూశాడు. ల్యాప్‌టాప్ హైమావతి వైపు చూసింది. ఆమె దయగలది; అప్పటికే సొరుగు తీసి, రాసుకునే అట్ట మీద ఒక ఫారం పెట్టి పాపకిచ్చింది.

"ఏడవకూడదమ్మా. అప్‌డేట్లు జరిగేటప్పుడు పది నిమిషాలు ఒడి ఖాళీగానే ఉంటుంది. పేరు రాసిచ్చెయ్. చార్జరు, మౌసు ముందు రాశాయి. నీది మూడో నంబరు."

లాస్య ఏడవలేదు. నేల మీద బోర్లా పడుకుని, నాలుక కొద్దిగా బయటపెట్టి రాసింది. 'బంధుత్వం' అన్న చోట ఆగి తల్లిని అడిగింది. మాధవి చెప్పింది, పాప రాసింది. గుండ్రని అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. మొదటి దరఖాస్తే అంత చక్కగా ఉండడం కంపెనీలో ఎవరూ చూడలేదు. దాని నకలు తీసి నమూనాగా నోటీసు బోర్డుకు అంటించారు. మిగతా ఉద్యోగుల పిల్లలు శనివారాల్లో వచ్చి, దాన్ని చూసి రాసుకుంటున్నారు.