కుడిచేతి సత్యం

సోమవారం ఉదయం పదీ ఇరవైకి ఏడో తరగతిలో డ్రాయింగు రద్దయి సత్యం మొదలైంది.

సద్గుణాలు అడుగంటుతున్నాయని పైవాళ్ళు అంతకుముందే గుర్తించారు. ఎవరిలో అన్నది తేల్చడానికి కమిటీ వేశారు. కమిటీలో అందరూ పెద్దవాళ్ళే కాబట్టి, పిల్లల్లో అని తేలింది. వెంటనే సత్యం, ధైర్యం, నిగ్రహం, న్యాయం సిలబస్సులో చేరాయి. ధైర్యం డ్రిల్లు మాస్టారికి ఇచ్చారు. నిగ్రహం లెక్కల మాస్టారికి ఇస్తే, తనకెందుకని ఆయన స్టాఫ్ రూములో కుర్చీ తన్నేశాడు. న్యాయానికి పీరియడు దొరకలేదు. సత్యం డ్రాయింగు టీచరు నెత్తిన పడింది. డ్రాయింగు లేకపోయినా నష్టం లేదని అందరూ ఒప్పుకున్నారు. ఆమెను మాత్రం ఎవరూ అడగలేదు.

అడిగినా ఆమె కాదనేది కాదు. ఏళ్ళ తరబడి టెంపరరీ. ఈసారి ఇన్‌స్పెక్షన్‌లో మంచి రిపోర్టు వస్తే పర్మనెంటు ఆర్డరు, లేకపోతే ఇంటికి.

"సత్యమో గిత్యమో, నువ్వు తలూపుతూ ఉండు. ముందు ఆర్డరు చేతికి రానీ" అన్నాడు భర్త.

ఇన్‌స్పెక్షన్‌కు వారం ముందు హెడ్మాస్టరు ఆమెను పిలిపించాడు.

"ఆఫీసరు గారు ప్రశ్న అడిగితే క్లాసులో ఒక్క చెయ్యి కూడా కింద ఉండకూడదమ్మా. తెలిసినవాళ్ళు కుడి చెయ్యి ఎత్తుతారు, తెలియనివాళ్ళు ఎడమ చెయ్యి. మీరు కుడిచేతులవాళ్ళనే లేపి అడగండి."

"ఇది సత్యం పాఠం కదా సార్?"

"అందుకే మరింత జాగ్రత్తగా ఉండాలంటున్నాను."

వారమంతా చేతులెత్తడం ప్రాక్టీసు చేయించారు. డ్రిల్లు మాస్టారు ఈల ఊదాడు. ఎడమేదో కుడేదో తెలియని ఇద్దరికి టీచరు కుడి మణికట్టు మీద రంగు పూసింది. ఆ హడావుడిలో పాఠం చెప్పడానికి తీరిక దొరకలేదు.

చివరి బెంచీలో కూర్చునే పిల్లను స్టాఫంతా గడుగ్గాయి అంటారు. ఆ పిల్ల లేచింది.

"టీచర్, సగం తెలిస్తే ఏ చెయ్యి ఎత్తాలి?"

"నోరు మూసుకుని ఎడమ చెయ్యి ఎత్తు."

ఇన్‌స్పెక్షన్ రోజు ఆఫీసరు క్లాసులోకి వచ్చీ రాగానే అడిగాడు. "సత్యం అంటే ఏమిటి?"

చేతులన్నీ ఒక్కసారి లేచాయి. ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. టీచరు ఒక కుడిచేతిని లేపింది. "ఉన్నది ఉన్నట్టు చెప్పడం సత్యం" అని ఆ కుర్రాడు గుక్క తిప్పుకోకుండా చెప్పి కూర్చున్నాడు.

"ఆ చివరి అమ్మాయి చెప్పాలి" అన్నాడు ఆఫీసరు.

గడుగ్గాయి లేచింది. "తెలియదు సార్."

"మరి చెయ్యి ఎందుకెత్తావు?"

హెడ్మాస్టరు దగ్గాడు. ఆ పిల్ల టీచరు వంక చూసింది. టీచరు బోర్డు వంక చూసింది. అక్కడ తను రాసిన వాక్యమే ఉంది: ఎప్పుడూ నిజమే చెప్పాలి. ఆ పిల్ల కూడా అది చదువుకుంది.

"ఎడమ చెయ్యి ఎత్తాను సార్. తెలియనివాళ్ళు ఎడమ చెయ్యే ఎత్తాలి."

ఆఫీసరు హెడ్మాస్టరు వైపు తిరిగాడు. "ఈ ఏర్పాటు ఎవరిది?"

"టీచరు గారిదేనండి" అన్నాడు హెడ్మాస్టరు, అరక్షణం ఆలస్యం చేయకుండా.

టీచరుకు ఆర్డరు గాల్లో కలిసిపోతున్నట్టనిపించింది. నాది కాదు మొర్రో అనడానికి నోరు తెరిచింది.

"అద్భుతం!" అన్నాడు ఆఫీసరు. "తెలిసినవాడూ తెలియనివాడూ సమానంగా చెయ్యెత్తే తరగతిని నా సర్వీసులో చూడలేదు. న్యాయం కూడా ఇందులోనే కవరైపోయింది! అన్ని బళ్ళలోనూ ఈ పద్ధతే పెట్టిస్తాను."

"ఆలోచన మాత్రం నాదండి" అన్నాడు హెడ్మాస్టరు.

టీచరు నోరు మూసుకుంది.

పరీక్షలో గడుగ్గాయికి సత్యంలో సున్నా వచ్చింది. ఆ పిల్ల పేపరు పట్టుకుని స్టాఫ్ రూముకొచ్చింది.

"ఆ రోజు నేను నిజమే చెప్పాను కదా టీచర్?"

"చెప్పావమ్మా. కానీ పేపర్లో అది ప్రశ్న కాదు."

ఏడాది చివర అన్ని బళ్ళ హెడ్మాస్టర్లకూ పెద్ద హాల్లో అభినందన సభ జరిగింది. అప్పటికి కుడి ఎడమల పద్ధతి తెలియని బడి లేదు. డ్రాయింగు టీచరును వేదిక మీదికి పిలిచి, చప్పట్ల మధ్య పర్మనెంటు ఆర్డరు కవరు చేతిలో పెట్టారు. ఆమె వచ్చి చివరి వరసలో తమ హెడ్మాస్టరు పక్కన కూర్చుంది.

వేదిక మీద పెద్దాయన మైకు అందుకున్నాడు. "ఈ ఏడాది మా బళ్ళో ఎవరూ అబద్ధమాడలేదు, మాతో సహా, అని చెప్పగలిగినవాళ్ళు చేతులెత్తండి!"

హాలు హాలంతా చేతులు లేచాయి. పెద్దాయన చేతులు జోడించి దణ్ణం పెట్టాడు. ఫొటోగ్రాఫరు బల్లెక్కాడు. చివరి వరస నుంచి టీచరుకు అన్నీ కనిపించాయి. అన్నీ ఎడమ చేతులే.

"ఎత్తండమ్మా, ఫొటోలో పడుతుంది" అన్నాడు హెడ్మాస్టరు, తన ఎడమ చెయ్యి దించకుండా.

టీచరు కూడా చెయ్యెత్తింది. కవరు ఆమె కుడిచేతిలో ఉంది.