నల్లబల్ల మీద పరుగుపందెం

దేశంల పిల్లలు దొడ్డుగైతున్నరని, గిట్లనే ఇడిసిపెడితే భూమి ఓ దిక్కు ఒరుగుతదని సర్కారు కనిపెట్టినంక ఇగ తాత్సారం చెయ్యలేదు. వెంటనే 'బాల స్థూలకాయ నివారణ సంపూర్ణ చైతన్య కార్యక్రమం' మొదలుపెట్టింది. (ఆ పేరు ఒక్క ఊపిరిల చదివితే సగం కసరత్తు అయిపోయినట్టే.) దాన్ని అమలుచేసే భాగ్యం కోరుట్లల ఓ ప్రైవేటు బడిల ఆటల సారు బాలకిషన్‌కు దక్కింది. అది రెండువేల పదకొండు వానకాలం. తెలంగాణ కోసం పొద్దుకో ర్యాలీ, మాపుకో ధర్నా నడుస్తున్న దినాలు.

బాలకిషన్ ఒకప్పుడు జిల్లా జట్టుల కబడ్డి ఆడినోడు. ఇప్పటికీ మెడల సీటీ ఉంటది గని ఊదెతందుకు జాగ లేదు. బడి గ్రౌండ్ సగంల రేకుల షెడ్డు ఏసి కొత్త సెక్షన్లు పెట్టిండ్రు. తక్కిన సగంల బడి బస్సులు నీడకు నిలబడుతయి.

"సార్, పిల్లల్ని ఉరికియ్యమని ఆర్డరచ్చింది. యాడ ఉరికియ్యాలె?" అని కరస్పాండెంట్ సత్తయ్య సారును అడిగిండు.

సత్తయ్య సారు దూరదృష్టి గల మనిషి. "జాగ లేకుంటే ఏమైతదయ్యా? బోర్డున్నది గదా! బోర్డు మీద ఉరికియ్యి" అన్నడు.

గట్ల కోరుట్లల నల్లబల్ల మీద పరుగుపందెం మొదలైంది. బాలకిషన్ సుద్దముక్కతోని మనిషి బొమ్మ గీసి, ముందటి కాలుకు 'అ' అని, ఎనక కాలుకు 'ఆ' అని గుర్తులు పెట్టిండు. పిల్లలు చేతులు కట్టుకొని కూసుండి ఉరికిండ్రు. వారం తిరగంగనే పరీక్ష పెట్టిండ్రు. 'పరుగు వలన కలుగు లాభములేవి? కదలకుండా వ్రాయుము.' ఆరోగ్యమైన తిండి మీద ఇంకో పాఠం ఉండె. ఆ పాఠం అయిపోంగనే ఇంటర్‌బెల్లు కొడితే, పిల్లలు సత్తయ్య సారు బామ్మర్ది నడిపే క్యాంటీనుకు పోయి పఫ్‌లు, కూల్‌డ్రింకులు కొనుక్కునేది. క్యాంటీను గోడ మీద 'చిరుతిండ్లు చేటు' అని పెద్దగ రాసి ఉండె. (ఆ రాత ఖర్చు ఓ చిప్స్ కంపెనీ పెట్టుకున్నది.)

పరుగు పరీక్షల ఆరో తరగతి స్వప్నకు ఫస్టు వచ్చింది. ఆమె తండ్రి లక్ష్మీరాజం సిరిసిల్ల నుంచి బట్ట తెచ్చి జెండాలు, తువ్వాలలు కుట్టిచ్చి అమ్ముతడు. ఉద్యమం జోరుకు ఆయనకు తినెతందుకు సుత తీరిక లేదు. ఆ తిండి గూడ తనే తింటున్నదా అన్నట్టు ఉంటది పిల్ల. బొద్దుగ, గలగల నవ్వుకుంట.

"సార్, ఫస్టు అచ్చిన గదా, ఒక్కసారన్న నిజంగ ఉరికిస్తరా?" అని అడిగింది.

"సిలబస్‌ల లేదు బిడ్డా" అన్నడు బాలకిషన్. అని, ఆ దినమంత బువ్వ సయించక తిరిగిండు.

అంతట్ల జగిత్యాల నుంచి డివిజన్ బాలల బరువుల సమన్వయాధికారి ఆనందం సారు తనిఖీకచ్చిండు. తరగతిల ఒక కలియచూపు చూసి స్వప్నను లేపిండు. మెడల 'నివారణకు ముందు' అన్న అట్ట తగిలిచ్చి స్టేజీ మీద నిలబెట్టిండు. పక్కన 'నివారణ తర్వాత' అట్టతోని అదే తరగతి బక్కపిల్ల సరితను నిలబెట్టిండు. సరిత తల్లి బీడీలు చేస్తది. పిల్ల పొద్దుగాల ఏం తినకుంటనే బడికస్తది. గందుకే ఆమె ఆదర్శం.

పిల్లలు కిసకిస నవ్విండ్రు. స్వప్న మొకంల మొదటిసారి నవ్వు లేదు. బాలకిషన్ లేచి, ఆ అట్టలు తియ్యమని చెప్పబోయిండు. సత్తయ్య సారు ఆయన దిక్కు ఒక చూపు చూసిండు. బాలకిషన్ మళ్ల కూసున్నడు. అయ్యాల ఇంటికి పోయి సీటీ తీసి మేకుకు తగిలేసిండు.

కొన్ని దినాలకే సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు బందు. ఆఫీసులు బందు. బడులు బందు. క్యాంటీనుకు సరుకు దెచ్చే బండి రాక అది గూడ బందు. జగిత్యాల రోడ్డు మీద లారీ లేదు, మోత లేదు. కోరుట్ల పుట్టినకాడి నుంచి అంత పెద్ద గ్రౌండ్ ఎవ్వలూ చూడలేదు.

ఆ రోడ్డు నడిమిట్ల సమ్మెకు మద్దతుగ వంటావార్పు పెట్టిండ్రు. స్వప్న నాయనమ్మ సత్యవ్వ మూడు రాళ్లు పెట్టి పెద్ద గంజుల మక్కజొన్న రవ్వతోని గట్క వండుతున్నది. పక్కన పచ్చిపులుసు, పెసరపప్పు. బాలకిషన్ నినాదాలకని పోయి అక్కడ నిలబడ్డడు. స్వప్న ఉరుక్కుంట అచ్చింది.

"సార్, గ్రౌండ్ దొరికింది! సీటీ ఏది?"

"ఇంట్ల ఉన్నది బిడ్డా."

"మరి తెండ్రి సార్! మళ్ల బస్సులు నడుస్తే ఎట్ల?"

బాలకిషన్ ఇంటి దాక ఉరికిండు. (బోర్డు బయట ఆ ఏడు ఆయన ఉరికింది గదే మొదలు.) సీటీ ఊదంగనే గల్లీ గల్లీల నుంచి పిల్లలచ్చిండ్రు. డాంబర్ రోడ్డు మీద ఇసుక పోసి కబడ్డి గీతలు గీసిండ్రు. కూతకు సరిత పోతే మెరుపు తీగె పోయినట్టు. పట్టుకు స్వప్న నిలబడితే గోడ. మెట్‌పల్లి నుంచి నడుసుకుంటచ్చిన పిల్లల జట్టు ఆ గోడకు తాకి తాకి అలిసిపోయింది. బడిల పక్కపక్కన నిలబెడితే మొకాలు చూసుకోని పిల్లలు, ఇక్కడ చేతులు పట్టుకొని ఒక్క జట్టుల ఆడుతున్నరు.

ఆట అయినంక సత్యవ్వ అందర్ని వరుసగ కూసోబెట్టింది. సరిత విస్తరిల గట్క అయిపోంగనే మళ్ల ఏసింది. సరిత సిగ్గుపడి చెయ్యి అడ్డం పెట్టింది.

"చెయ్యి తియ్యే! కూత పెట్టే పొల్లకు కడుపు నిండకుంటే ఊపిరెట్ల నిలుస్తది?" అని గదిమింది సత్యవ్వ. తర్వాత బాలకిషన్ దిక్కు తిరిగి, "సారూ, మీ బడిల గింత ఆట ఎందుకు ఆడియ్యరు?" అన్నది.

"బడి తెరిచి ఉంటది గదవ్వా, గందుకు" అన్నడు బాలకిషన్.

ఆ పక్కనే ఉద్యోగుల దీక్ష టెంటుల దండ ఏసుకొని ఆనందం సారు కూసున్నడు. పిల్లల ఆట చూసి ఆయన కండ్లు మెరిసినయి. చప్పట్లు కొట్టబోయి ఆగిండు. బాలకిషన్‌ను పిలిచి మెల్లగ, "మస్తు ఆడుతున్నరయ్యా. గని నేను సమ్మెల ఉన్న. గిది నేను చూడలేదు" అన్నడు. (సమ్మె కాలంల కలిగిన ఆరోగ్యాన్ని గుర్తించే నియమం కార్యక్రమంల లేదు.)

దసరా పోయి, సమ్మె ఆగి, బడి తెరిచిండ్రు. ఆనందం సారు తూకం మిషను పట్టుకొని మళ్ల అచ్చిండు. స్వప్న కొంత తగ్గింది. సరిత కొంత పెరిగింది. ఇద్దరి బుగ్గలు ఒక్క తీరుగ నిగనిగలాడుతున్నయి. ఆనందం సారు ఆలోచించి తీర్పు చెప్పిండు. స్వప్న తగ్గుడు రాతపరీక్ష విజయం. సరిత పెరుగుడు ఆటల సారు నిర్లక్ష్యం.

స్వప్న చెయ్యి లేపింది. "రాతపరీక్ష కాదు సార్. రోడ్డు మీద ఉరికినం, గట్క తిన్నం. మీరు టెంటుల కూసొని చూసిండ్రు గదా!"

సత్తయ్య సారు గొంతు సవరిచ్చుకొని, సమ్మెల పోయిన పాఠాల కోసం ఆదివారం గూడ బడి ఉంటదని, ఆటల పీరియడు లెక్కలకిచ్చినమని ప్రకటించిండు.

ఈసారి బాలకిషన్ కూసోలేదు. సత్తయ్య సారు చూపు తన మీద పడ్డా లేచే నిలబడ్డడు. "సార్, పిల్ల నిజమే చెప్పింది. పీరియడు తీసేస్తే తీసేయిండ్రి. పొద్దుగాల బడి ముందటి రోడ్డన్న ఒక్క గంట ఆపియ్యిండ్రి. ఉరికిచ్చే పూచీ నాది."

ఆనందం సారు తూకం మిషను సంచిల పెట్టుకుంట జాలిగ చూసిండు.

"రోడ్డు బందు పెట్టుడు నేరం బాలకిషన్. గ్రౌండ్ బందు పెట్టుడు కాదు."