ఆరు వాట్ల ప్రాసెసర్, మిగిలిన ఎనభై నాలుగు

ఆ శనివారం ఎలీహియో పెద్ద కోరికేమీ కోరలేదు. భోజనం కాగానే కాళ్లు చాపుకుని, పాతికేళ్ల నాటి బేస్‌బాల్ ఫైనల్‌ని మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా ఒక్కడే కూర్చుని చూడాలనుకున్నాడు.

తేమకి బూజు పడుతున్న ముప్పై ఒక్క వీడియో క్యాసెట్లను ఆరు నెలలు కష్టపడి డిస్కులోకి ఎక్కించాడతను. వాటిని టీవీలో ఆడించడానికి ఎప్పుడూ నడుస్తూ ఉండే చిన్న కంప్యూటర్ కావాలి. ఆఫీసులో తీసేసినదొకటి ఊరికే ఇస్తానన్నాడు మేనల్లుడు. దాని ప్రాసెసర్ తొంభై వాట్లు తింటుందని తెలిసి ఎలీహియో మండిపడ్డాడు.

"తొంభయ్యా? అది ప్రాసెసరా, మేకపోతా? కరెంటు పోతే నా నాలుగు బ్యాటరీలూ నమిలేస్తుంది!"

కరెంటు రోజూ పోయే వాళ్ల ఊరు సాంతియాగోలో, ఆ విషయంలో "పోతే" అనే మాట మర్యాద కోసం వాడతారు. అందుకే నెలన్నర వెతికి, ఆరు వాట్లతో సరిపెట్టుకునే చవక ప్రాసెసర్‌ ఉన్న పెట్టెను తెచ్చుకున్నాడు. అది లెక్కలు చేయడంలో మందమే కానీ, వీడియోలు ఆడించడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య.

భార్య నెరెయిదా పెట్టెను ఎగాదిగా చూసింది. "ఇదిగో ముసలాయనా, ఇన్వర్టరున్నది నా ఫ్యానుకీ, ఫ్రిజ్‌కీ. నీ డబ్బా వల్ల అది ఒక్కసారి ఆగిందా, డబ్బా, నీ ముప్పై ఒక్క ఆటలూ కలిపి మేనల్లుడింటికే."

అక్కడితో నోరు మూసుకుని ఉంటే కథే లేదు. కానీ మొగుళ్లు పొదుపు చేసినప్పుడు ఊరికి చెప్పకుండా ఉండలేరు. ఎలీహియో దామియన్ కొట్టు ముందు డామినో బల్ల దగ్గర కూర్చుని, తొంభైని కాదని ఆరుని ఎలా పట్టాడో రెండు ఆటలసేపు వర్ణించాడు.

దామియన్ చేతిలో ముక్క పట్టుకుని ఆలోచించాడు. "అంటే నీ ఇంట్లో ఎనభై నాలుగు వాట్లు మిగిలాయన్నమాట."

"మిగిలాయి మరి!" అన్నాడు ఎలీహియో ఛాతీ విరుచుకుని.

శనివారం రెండింటికి కరెంటు పోయింది. ఇన్వర్టర్ టక్కుమంది, ఆట ఆగలేదు. రెండో ఇన్నింగ్స్ కూడా కాకముందే దామియన్ ఫోను పట్టుకుని లోపలికొచ్చాడు. అతని వెనక వీధిలో సగం.

"నీ ఎనభై నాలుగులో నాకో ఐదు పడెయ్యి."

"ఎక్కడి ఎనభై నాలుగయ్యా? అవి ఉన్నవి కావు, ఖర్చు కానివి!"

"ఖర్చు కాకపోతే ఉన్నట్టేగా! పంతం దేనికి, ప్లగ్గెక్కడ?"

వచ్చినవాళ్లకి కాఫీ ఇవ్వక తప్పదు కాబట్టి నెరెయిదా ఇచ్చింది. కాఫీ ఇచ్చాక కుర్చీలు వాళ్లే తెచ్చుకున్నారు. కాసేపటికి దామియన్ తన చిన్న ఫ్రీజర్‌ని తోపుడు బండి మీద తోసుకొచ్చాడు. "చూడు, మంచు పట్టి, తెల్లగౌను పెళ్లికూతుళ్లలా మెరవాల్సిన బీరు సీసాలు ఎలా చెమటలు కక్కుతున్నాయో! నీకు మనసెలా ఒప్పుతుంది?" ఎలీహియోకి ఒప్పింది గానీ, జనానికి ఒప్పలేదు. ఫ్రీజర్ గోడ వారన చేరింది.

చివరి ఇన్నింగ్స్. ఇద్దరు ఔట్, మూడోవాడు ఔటైతే ఆట ముగిసినట్టే. ఒక్క పరుగు తేడా. సరిగ్గా అప్పుడు పక్కింటి సెలూన్ యోకాస్తా, తలనిండా రోలర్లున్న ఒకావిడని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. చంకలో హెయిర్ డ్రయ్యరు.

"ఐదింటికి పెళ్లి. ఈవిడ పెళ్లికూతురి తల్లి. తడి తలతో పంపిస్తే రేపట్నుంచి నా మొహం ఎవరు చూస్తారు? ఐదంటే ఐదు నిమిషాలు!"

"అది ఎన్ని వాట్లు?"

"నా డ్రయ్యర్‌ని నేనెప్పుడూ అలాంటివి అడగలేదు!"

ఎలీహియో లేచి, రెండు చేతులూ చాపి ప్లగ్గుకి అడ్డం నిలబడ్డాడు. "నా శవం మీద నుంచి వెళ్లండి!"

"తప్పుకోవయ్యా, సిగ్గులేకపోతే సరి! ఆడపిల్ల తల్లి," అంటూ నెరెయిదా అతన్ని పక్కకి నెట్టి, తన చేతులతోనే ప్లగ్గు పెట్టింది.

ఇన్వర్టర్ ఒక్క కూత కూసి చచ్చింది. ఫ్యానాగింది. తెర నల్లబడింది. బంతి మాత్రం గాల్లో ఉండిపోయింది.

అందరూ జాలిగా పెట్టె వైపు చూశారు.

"పాపం, ఆరు వాట్లకి ఓపికెంతుంటుంది!" అన్నాడు దామియన్.

"తొంభైదయితే లాగేసేది," అన్నారెవరో.

"డ్రయ్యరయ్యా! డ్రయ్యర్ పన్నెండొందలు!" ఎలీహియో గొంతు కీచుమంది.

యోకాస్తాకి ఒళ్లు మండింది. "నా డ్రయ్యర్ తొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. మీ డబ్బా వచ్చి నెల కాలేదు. కొత్తగా వచ్చిందెవరో మీరే చెప్పండి!"

"మాటంటే మాటే," అంది నెరెయిదా, చేతిలో ఇంకా ఆ ప్లగ్గుతోనే. "ఇక ఈ డబ్బా నా ఇన్వర్టర్‌ని తాకడానికి వీల్లేదు."

ఎలీహియో వైరు చుట్టడం మొదలుపెట్టాడు. అప్పుడు లేచింది వీధి. ఆఖరి బంతి చూడకుండా పంపిస్తారా? ఎవరు గెలిచారో పాతికేళ్లుగా అందరికీ తెలుసు. అయితే మాత్రం? ఇన్వర్టర్‌ని తాకకూడదు, అంతేగా? తాకదు.

మరుసటి శనివారానికి దామియన్ తన బావమరిది జనరేటర్‌ని తెచ్చి ఎలీహియో వరండాలో దించాడు. పెళ్లి పందిళ్లని వెలిగించేది, ఐదు వేల వాట్లది. దానికి ఫ్రీజరూ, మూడు డ్రయ్యర్లూ, పదిహేను ఫోన్లూ, చివర్న ఆ పెట్టె కూడా తగిలించారు. నెరెయిదా తలుపేసుకుని ఇన్వర్టర్ ఫ్యాను కింద పడుకుంది. పెట్టె మేనల్లుడింటికి పోకుండా బతికిపోయింది.

జనరేటర్ తాడు లాగారు. కిటికీలు వణికాయి, వరండా నిండా పొగ కమ్మింది. పాతికేళ్ల నాటి బంతి మళ్లీ గాల్లోకి లేచింది. ఆటలో ఒక్క ముక్కా వినపడడం లేదని ఎలీహియో గొంతు చించుకుని అరిచాడు. అదీ ఎవరికీ వినపడలేదు.