తక్కువ తిరిగిన మనిషికి తక్కువ ధర

విశాఖపట్నంలో సెకండ్ హ్యాండ్ కారుకి ధర కట్టేటప్పుడు కారు మీటరుతో పాటు కొనేవాడి మీటరు కూడా చూస్తారు కాబట్టి, కూర్మనాథం శనివారమే సెలూన్‌కి వెళ్ళి ఎడమ చెవి వెనక జుట్టు శుభ్రంగా తీయించుకున్నాడు. అంకెలు సరిగ్గా కనపడకపోతే ఎక్కువే వేసేస్తారని ఆఫీసులో ఎవరో చెప్పారు.

రూలులో తప్పు పట్టడానికేమీ లేదు. తక్కువ తిరిగిన బండి బాగా తిరిగే మనిషి చేతిలో పడితే ఏడాదిలో అదీ బాగా తిరిగిన బండి అయిపోతుంది. రేటు పడిపోతుంది. ఆ నష్టం ఎవరో ఒకరు భరించాలి కదా, తిరగబోయేవాడే ముందుగా భరిస్తాడు. ఏమీ తిరగనివాడికి కనీస ధర. ఆ పైన అతని మీటరులో ఉన్న ప్రతి కిలోమీటరుకీ ఇంత అని కలుపుతారు. స్కూటరుకైతే వందల్లో ఉంటుంది. కూర్మనాథం చూసిన కారులాంటి దానికి కిలోమీటరుకి పదివేలు.

మనిషి మీటరులో అన్నీ ఎక్కవు. ఆఫీసుకి, రైతుబజారుకి, ఆసుపత్రికి, పెళ్ళిళ్ళకి, పరామర్శలకి తిరిగినవి లెక్కలోకి రావు. పనేమీ లేకుండా, సంతోషం కొద్దీ తిరిగినవే ఎక్కుతాయి. కూర్మనాథానికి యాభై రెండేళ్ళు, బీమా ఆఫీసులో ఉద్యోగం. తిరుపతి ప్రయాణాలు మొక్కుల కింద పోయాయి. ఊటీకి ఆఫీసు వాళ్ళిచ్చే ఎల్‌టీసీ మురిగిపోతుందని వెళ్ళాడు కాబట్టి అదీ ఎక్కలేదు. పెళ్ళయిన కొత్తలో భార్య ఇందుమతితో అరకు వెళ్ళాడు గానీ, దారిపొడవునా గ్యాస్ కట్టామా లేదా అన్న చర్చే నడవడంతో ఇద్దరి మీటర్లూ కదల్లేదు.

కారు జర్మనీది. నల్లరంగు, నాలుగు తలుపులు. ఆగి ఉన్న చోటి నుంచి అయిదు సెకన్లలో వంద స్పీడు అందుకుంటుంది. యజమాని పట్టాభిగారు పోర్టులో క్లియరింగ్ ఏజెంటు. ఎదురింటాయన ఒకటి కొన్నాడని తనూ కొన్నారు. ఆరేళ్ళలో అది మూడువేల కిలోమీటర్లు కూడా తిరగలేదు. దసరాకి సంపత్ వినాయకుడి గుడి ముందు పూజకి, పొల్యూషన్ సర్టిఫికెట్‌కి, బ్యాటరీ పడిపోకుండా ఆదివారాలు వీధి చివరిదాకా, అంతే. షోరూంలో వేసిన ప్లాస్టిక్ కవర్లు సీట్ల మీద అలాగే ఉన్నాయి.

"లోపల కూచుని ఎవరూ గట్టిగా నవ్వింది కూడా లేదండి," అన్నారు పట్టాభిగారు, డోరు మీద లేని దుమ్ము తుడుస్తూ.

కూర్మనాథానికి ఇలాంటి బండి మీద ముప్పై ఏళ్ళ కోరిక. ఇరవై రెండేళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం స్నేహితుడు గణపతి వాళ్ళ మామయ్య మోటారుసైకిలు పట్టుకొచ్చి, అతన్ని వెనక ఎక్కించుకుని భీమిలి నుంచి ఆర్కే బీచ్ దాకా తీసుకొచ్చాడు. అంత స్పీడు అతను మళ్ళీ ఎన్నడూ చూడలేదు. ఓపిక ఉండగానే ఇంకొక్కసారి అలా వెళ్ళాలని అతని ఉద్దేశం. భార్యకి మాత్రం ఈ సంగతి చెప్పలేదు. రీసేల్ బాగుంటుందని చెప్పాడు. అప్పుతో కలిపి వాళ్ళ దగ్గర ఇరవై నాలుగు లక్షలున్నాయి. అది కాక సీటు కవర్లకి, మ్యాట్లకి, పైన కప్పే గుడ్డకి ఇందుమతి విడిగా ఒక ఇరవై వేలు దాచి ఉంచింది.

ధర కట్టే పైడిరాజు పట్టాభిగారింటికి టార్చిలైటుతో వచ్చాడు. ముందు కారు కిందికి దూరి చూశాడు. తర్వాత కూర్మనాథాన్ని వెలుతుర్లోకి రమ్మని, చుట్టూ ఒకసారి తిరిగి, మోకాళ్ళ మీద వేళ్ళతో తట్టి చూశాడు.

"జుట్టు ఒరిజినలేనా సార్?"

"రంగు వేయించానండి."

"రీపెయింటు," అని రాసుకున్నాడు పైడిరాజు. "యాక్సిడెంట్లేమైనా?"

"అపెండిక్స్ ఒకసారి తీశారు."

"సింగిల్ ఓనరేనా మేడమ్?"

"నేనొక్కదాన్నేనండి," అంది ఇందుమతి.

పైడిరాజు చెవి మడిచి లైటు వేసి చూశాడు. ఇంకోసారి చూశాడు. "ఇరవై ఏడు ఉందండి," అన్నాడు.

"ఇరవై ఏడేంటి? సున్నా ఉండాలి. ఈయన ఎక్కడికీ వెళ్ళరు, నాది గ్యారంటీ. పేపరు కూడా బాల్కనీలోకి తెచ్చిస్తేనే చదువుతారు."

"మీటర్లో ఉన్నదే నేను చెప్పానండి. కనీస ధర ఇరవై నాలుగు లక్షలు. ఇరవై ఏడు కిలోమీటర్లకి రెండు లక్షల డెబ్భై వేలు. మొత్తం ఇరవై ఆరు లక్షల డెబ్భై వేలు అవుద్దండి."

ఇందుమతి హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుని గేటు వైపు నడిచింది. ఇరవై ఆరేళ్ళుగా పూర్ణా మార్కెట్‌లో ఏ బేరమూ ఆమె ఇలా నడవకుండా తెగింది లేదు. గేటు గడియ కూడా తీసింది. వెనక నుంచి ఎవరూ పిలవలేదు. చెప్పులో ఏదో రాయి పడినట్టు కాలు దులుపుకుని మళ్ళీ వచ్చి నిలబడింది.

"తిప్పించేసుకోండి సార్," అన్నాడు పైడిరాజు. "కారు మీటరు తిప్పితే కేసు గానీ మనిషిది తిప్పితే ఏటి కేసు? అందరూ తిప్పించుకుంటున్నారు. మొన్న ఒక లెక్చరర్ గారు నాలుగొందలు తీయించేశారు. మిగిలిన డబ్బుతో ఫ్లాటు కొన్నారాయన."

"నొప్పి ఉంటుందా?"

"చెవి కుట్టించుకున్నంత. కాకపోతే తీసేసిన కిలోమీటర్లు మరి గుర్తుండవండి. తీసే ముందు సాక్షి ఎదురుగా ఒకసారి చెప్పాల. ఆ సాక్షి తర్వాతెప్పుడైనా మీకు గుర్తు చేస్తే అవి మీటర్లోకి మళ్ళీ వచ్చేస్తాయి. అప్పుడు తేడా సొమ్ము వడ్డీతో కట్టాల."

సాక్షిగా ఇందుమతి పేరు రాశారు. పట్టాభిగారు ప్లాస్టిక్ కుర్చీలు వేయించారు. కూర్మనాథం గొంతు సవరించుకుని, ఆఫీసులో ఆడిట్ వాళ్ళకి చెప్పినట్టు చెప్పాడు.

"నేను, గణపతి. వాడు వాళ్ళ మామయ్య బండి తెచ్చాడు. భీమిలిలో బయల్దేరాం. కొత్త చొక్కా, గాలికి గుండీలు ఊడిపోయాయి. వాడు ముందు నుంచి ఏదో అరుస్తున్నాడు, నాకు వినపడలేదు. ఋషికొండ దగ్గర మలుపు తిరిగేసరికి సముద్రం మొత్తం లేచి మీదికొచ్చేసినట్టనిపించింది. నేను రెండు చేతులూ వదిలేశాను. నవ్వుదామంటే నోట్లోకి గాలి పోయి నవ్వు రాలేదు. తర్వాత ఆర్కే బీచ్‌లో దిగి ముంత మసాలా తిన్నాం. అంతే."

పైడిరాజు పెన్నుకి క్యాపు పెట్టాడు.

"హెల్మెట్ పెట్టుకున్నారా?" అంది ఇందుమతి.

"లేదు."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"చెప్పడానికి ఏముంది అందులో?"

"నన్నూ ఒకసారి అలా తీసుకెళ్ళాల్సింది."

"అందుకేగా ఈ కారు," అన్నాడు కూర్మనాథం.

ఇందుమతి చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. తర్వాత పైడిరాజుతో, "అన్నీ తీసెయ్యాలా? ఆ మలుపు దగ్గరిది కొంచెం ఉంచకూడదా?" అంది.

"ఉంచుకోవచ్చండి. మలుపు రెండు కిలోమీటర్లు ఉంటాది. ఇరవై వేలు కట్టెయ్యండి, వదిలేస్తాను."

భార్యాభర్తలు కారు వెనక్కి వెళ్ళి మాట్లాడుకున్నారు. ఇరవై వేలూ ఇందుమతి హ్యాండ్‌బ్యాగు లోపలి జిప్పులో ఉన్నాయి.

"సీటు కవర్లు వచ్చే బోనస్‌కి వేయించుకోవచ్చు," అన్నాడు కూర్మనాథం.

"వేయించుకోవచ్చు. ఈలోగా ఆ ప్లాస్టిక్ చిరిగితే?"

"చిరుగుతుందంటావా?"

"ఆరేళ్ళ నాటిది. మా అన్నయ్యావాళ్ళు వచ్చినప్పుడు పిల్లలు ఊరుకుంటారా?"

కూర్మనాథం కిటికీలోంచి లోపలికి చూశాడు. సీట్లు లేత గోధుమరంగు తోలువి. మరకలు పడితే పోవు.

"కవర్లే వేయిద్దాంలే," అన్నాడు. "సీట్లయితే వచ్చినవాళ్ళకి కనపడతాయి."

పైడిరాజు చిన్న స్క్రూడ్రైవరుతో పని ముగించి, చెవి వెనక దూది పెట్టాడు. కూర్మనాథం రెండుసార్లు కళ్ళార్పి, "ఎంతకి తెగింది?" అని అడిగాడు.

"ఇరవై నాలుగండి. కనీస ధర."

"మంచి బేరమే," అన్నాడు కూర్మనాథం. ఇలాంటి మనిషికి బండి ఇవ్వడం తనకీ తృప్తిగా ఉందని పట్టాభిగారు అతని చేయి పట్టుకుని ఊపారు.

సంపత్ వినాయకుడి గుడి దగ్గర పూజ చేయించి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించారు. ఇంటికి దగ్గర దారి ఉన్నా ఇందుమతి బీచ్ రోడ్డు మీదుగా పొమ్మంది. తీరా వెళ్ళాక ఋషికొండ దాకా పోనిమ్మంది. కూర్మనాథం నలభైలో నడుపుతున్నాడు. స్కూటర్లు అతన్ని దాటుకుని పోతూ వెనక్కి తిరిగి చూస్తున్నాయి.

"కొంచెం స్పీడుగా పోనివ్వండి," అంది ఇందుమతి, మలుపు దగ్గర పడుతుంటే.

"ఎందుకు? మనకేం తొందర?"

ఆమె నోరు తెరిచింది. రెండు లక్షల డెబ్భై వేలు, పైన వడ్డీ. నోరు మూసుకుంది. మలుపు తిరిగింది. కుడివైపు సముద్రం మొత్తం కనిపించింది. కూర్మనాథం అద్దంలో వెనకొచ్చే లారీని చూసుకుంటూ, "ఉప్పు గాలి బాడీకి మంచిది కాదు," అని అద్దాలు పైకెత్తేశాడు.

అపార్ట్‌మెంటులో అందరూ కిందికి దిగి వచ్చి చూశారు. ఎంత పడిందని అడిగారు. కూర్మనాథం చెప్పాడు. ఇంత తక్కువకి ఎలా వచ్చిందని ఆశ్చర్యపోతే, తల పక్కకి తిప్పి చెవి వెనక సున్నాలు చూపించాడు. రెండో ఫ్లోరు ఆడిటరు గారు తన చెవి వెనక చెయ్యి పెట్టుకుని, పైడిరాజు ఫోను నంబరు తీసుకున్నారు.

ఇప్పుడు ప్రతి ఆదివారం వాళ్ళు సెల్లారులోకి దిగి, గుడ్డ తీసి, బ్యాటరీ పడిపోకుండా ఇంజను స్టార్టు చేసి లోపల కూచుంటారు. కొత్త సీటు కవర్లు బాగా కుదిరాయి. వాటి మీద వేసిన టవల్ కూడా బాగుంది. తీసే ముందు చెప్పింది విన్న సాక్షుల మీటర్లు కూడా ఒక్కోసారి కదులుతాయని ఊళ్ళో అంటారు. ఇందుమతి తన మీటరు ఎవరికీ చూపించలేదు. కారు కొన్నప్పటి నుంచి జుట్టు మాత్రం ఎడమ చెవి మీదికి దించి దువ్వుకుంటోంది.

మొన్న ఆదివారం కూర్మనాథం స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, ఎదురుగా ఉన్న సెల్లారు గోడని కాసేపు చూశాడు.

"ఇందూ, అసలు మనం ఈ బండి ఎందుకు కొన్నాం?"

ఇంజను చిన్నగా గురగురమంటోంది. ఇందుమతి అతని చొక్కా వైపు చూసింది. గుండీలన్నీ మెడ దాకా పెట్టి ఉన్నాయి.

"రీసేల్ బాగుంటుందని," అంది.

"అవును కదా," అన్నాడు కూర్మనాథం, మనసు కుదుటపడి. ఇంజను ఆపేశాడు. ఇద్దరూ దిగి, చెరోవైపు నిలబడి, గుడ్డ మడతలు పడకుండా లాగి కప్పారు.