అప్పలస్వామిని దించే విధానం

దేశాల మధ్య సహకారం మానవజాతి సాధించిన మహోన్నత విజయం. దాని ఫలితాలను సంపూర్ణంగా అనుభవించినవాడు భీమిలి అప్పలస్వామి, సరుకు ఓడలో వంటవాడు. (అనుభవిస్తున్న సంగతి అతనికి తెలియదు. ఎవరూ లిఖితపూర్వకంగా తెలియజేయలేదు.)

2003 మార్చిలో ఇంగ్లండ్ తూర్పు తీరాన ఒక చిన్న రేవులో, ఇంజను బాగాలేదని అతని ఓడను ఆపేశారు. యజమాని ఫోను ఎత్తడం మానేశాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోగా చివరికి అప్పలస్వామి మిగిలాడు. ఇంటి దగ్గర భార్యకు ఎనిమిదో నెల.

ఓడల శాఖ అధికారి నియమం చదివి వినిపించాడు. ఓడ ఖాళీగా ఉండరాదు. ఆఖరి మనిషి దిగాలంటే అతని బదులు మరొకరు ఎక్కాలి. విమానాల శాఖేమో, ఓడ దిగినట్టు కాగితం చూపిన నావికుడికే ప్రయాణ అనుమతి ఇస్తానంది. ఓడ మీద ఎగిరే జెండా ఏ దేశానిదో ఆ దేశానికి రాశారు. ఆ దేశానికి సముద్రమే లేదు. (నౌకా మంత్రిత్వ శాఖ మాత్రం ఉంది. "పరిశీలనలో ఉన్నది" అని ముద్రతో సహా జవాబిచ్చింది.)

రేవు క్లినిక్‌లో నర్సు కృపామణిది గుంటూరు. వారానికోసారి వచ్చి అధికారి మాటలు తెలుగులో చెప్పేది.

"ఏటంతన్నాడమ్మా ఆయన?"

"నువ్వు దిగొచ్చంట అన్నయ్యా. కాకపోతే ముందు దిగి ఉండాలంట."

అప్పలస్వామి జేబులోంచి ఇంటి ఉత్తరం తీశాడు. "నాకు ఆడపిల్ల పుట్టీసిందమ్మా. ఆ మాటొకటి సెప్పు."

చెప్పింది. అధికారి అభినందించి, పాపను సిబ్బంది జాబితాలో చేర్చాలా అని అడిగాడు.

నవంబరులో బ్రిటన్‌కూ ఆ జెండా దేశానికీ చెందిన విమాన, నౌకా సహకార సంయుక్త సంఘం స్వయంగా ఓడెక్కింది. పద్నాలుగు మంది సభ్యులు, ఇరవై రెండు చర్చనీయాంశాలు. అప్పలస్వామి ఇరవై రెండో అంశం. పొద్దుటి నుంచి ఇరవై ఒకటీ ఒకదాని తర్వాత ఒకటి వాయిదా పడ్డాయి. ఈలోగా సభ్యులకు ఆకలేసింది.

అతను గాలానికి పడ్డ చేపలతో పులుసు పెట్టాడు. చింతపండు కృపామణి లండన్‌లో మన సరుకులు దొరికే ఈస్ట్ హామ్ నుంచి తెప్పించింది. కడుపు నిండితే సంతకం పెడతారని ఆశ. అడిగినవాళ్లకు మూడోసారి కూడా వడ్డించాడు.

"ఈపాలి పనైపోతాదమ్మా," అన్నాడు గుసగుసగా. సంచీ అప్పటికే సర్ది మెట్ల దగ్గర పెట్టుకున్నాడు. పాపకు అప్పుడప్పుడే పళ్లు వస్తున్నాయట.

భోజనాలయ్యాక అతని సంగతి ఐదు నిమిషాల్లో తేలిపోయింది. చప్పట్లు కొట్టారు. కృపామణి తీర్మానం చేతిలోకి తీసుకుని చదివింది.

"సెప్పమ్మా."

వచ్చే ఏడాది సమావేశం కూడా ఇదే ఓడ మీద జరపాలనీ, అంతవరకూ వంటవాణ్ణి మార్చరాదనీ ఉభయ దేశాలూ ఏకగ్రీవంగా అంగీకరించాయి.